గుడ్డు రంగు అమ్ముకుంటే ఎన్నాళ్ళు?

ఎర్రగుడ్డు అంటే నాటుగుడ్డు, తెల్లగుడ్డు అంటే ఫారం గుడ్డు. చోడవరం చుట్టుపక్కల ఏ సంతకు వెళ్ళినా బేరం ఈ మాటతోనే మొదలవుతుంది. “ఏటమ్మా, నాటువేనా? మరి రంగు లేదేటి?” అని కొనేవాళ్ళు అడుగుతారు. గంపలో ఉన్న వాటిలో ఎర్రగా ఉన్నవి ఏరుకుంటారు. పాలిపోయినవి, తెలుపుకు దగ్గరగా ఉన్నవి పక్కన పెడతారు. అవీ అదే పెరట్లో, అదే నూకలు తిని, అదే చెదపురుగులు ఏరుకున్న పెట్టలు పెట్టిన గుడ్లే. అయినా రంగు తక్కువని ధర తగ్గించి అడుగుతారు. అమ్మే ఆడమనిషి కూడా “నిజమే కాబోలు” అనుకుని తగ్గించి ఇచ్చేస్తుంది.

నాటుగుడ్డుకు ఫారం గుడ్డు కంటే రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి ధర పలుకుతున్న రోజులివి. ఆ అదనపు డబ్బు చిన్న రైతు ఇంట్లో ఉప్పూపప్పుకు, పిల్లల పుస్తకాలకు పనికొస్తోంది. సంతోషమే. కానీ ఆ అదనపు ధర దేనికి వస్తోందో ఒకసారి ఆలోచించండి. కోడి తిరిగి తిన్నందుకా? గుడ్డు తాజాగా ఉన్నందుకా? పెంకు ఎర్రగా ఉన్నందుకా? పెంకు రంగుకే వస్తున్నట్టయితే ఆ ధర మన చేతిలో ఎక్కువ కాలం నిలవదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రంగు ఎక్కడిదో తెలియాలి.

రంగు ఎక్కడిది?

ఏ కోడిగుడ్డయినా మొదట తెల్లనిదే. పచ్చసొన అండాశయం నుంచి విడుదలయ్యాక గుడ్డు బయటికి రావడానికి సుమారు 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు తయారీకే సరిపోతుంది. పెంకులో నూటికి తొంభై పాళ్ళకు పైగా సున్నపు పదార్థం, అంటే కాల్షియం కార్బొనేట్. అది తెలుపు. గోడకు ముందు సున్నం వేసి చివర్లో రంగు పూసినట్టు, గుడ్డు బయటికి వచ్చే ముందు చివరి కొన్ని గంటల్లో కొన్ని జాతుల కోళ్ళు పెంకుపై ఒక వర్ణద్రవ్యాన్ని పూస్తాయి. దాని పేరు ప్రోటోపార్ఫిరిన్. నెత్తురుకు ఎర్రదనం ఇచ్చే పదార్థానికి ఇది దగ్గరి చుట్టం. ఆ పూత దట్టంగా పడితే గుడ్డు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పలచగా పడితే మీగడ రంగు. అసలు పడకపోతే తెలుపు.

నమ్మకం లేకపోతే ఎర్రగుడ్డు పగలగొట్టి పెంకు లోపలివైపు చూడండి. లోపల తెల్లగానే ఉంటుంది. రంగంతా పైపైనే.

ఈ పూత పూసే గుణం తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పుంజు గుడ్డు పెట్టకపోయినా దాని కూతుళ్ళ గుడ్డు రంగులో పుంజుకూ సగం వాటా ఉంది. కాబట్టి రంగును నిర్ణయించేది ముఖ్యంగా జాతి. మేత కాదు, పెరడు కాదు, ఏజెన్సీ గాలి కాదు.

ఇటలీలో పుట్టి ప్రపంచమంతా పాకిన వైట్ లెగ్‌హార్న్ తెల్లగుడ్డు పెడుతుంది. మన ఫారాల్లో ఎక్కువగా ఉన్నవి దాని సంతతే. అమెరికాకు చెందిన రోడ్ ఐలాండ్ రెడ్ గోధుమ రంగు గుడ్డు పెడుతుంది. మన అసీల్ గుడ్లు మీగడ రంగు నుంచి లేత గోధుమ దాకా ఉంటాయి. కడక్‌నాథ్ కోడి ఒళ్ళంతా నలుపే, మాంసమూ నలుపే. దాని గుడ్డు కూడా నల్లగా ఉంటుందని చెప్పి ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అది పెట్టేది లేత మీగడ, గోధుమ రంగు గుడ్డే.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు అరౌకానా కోళ్ళు నీలిరంగు గుడ్లు పెడతాయి. ఆ నీలానికి కారణం బిలివెర్డిన్ అనే మరో పదార్థం. పైత్యరసంలో ఉండే ఆకుపచ్చ రంగు అదే. ఎర్రగుడ్డులా పైపూత కాదు కాబట్టి నీలిగుడ్డు పెంకు లోపల కూడా నీలంగానే ఉంటుంది. ఎప్పుడో పూర్వకాలంలో ఒక వైరస్ ముక్క కోడి జన్యువుల్లో చేరి ఉండిపోవడం వల్ల ఈ గుణం వచ్చిందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు.

ఈక రంగుకూ గుడ్డు రంగుకూ సంబంధం ఉందా అని చాలామంది అడుగుతారు. లేదు. బ్రాయిలర్ కోళ్ళ తల్లులు తెల్లని ఈకలతో ఉండి కూడా గోధుమ రంగు గుడ్లు పెడతాయి. చెవి తమ్మెను చూసి కొంతవరకు చెప్పవచ్చు. తమ్మె తెల్లగా ఉన్న కోడి సాధారణంగా తెల్లగుడ్డు, ఎర్రగా ఉన్నది రంగు గుడ్డు పెడుతుంది. ఇదీ అన్ని జాతులకూ వర్తించే సూత్రం కాదు.

మేత మార్చేది సొనను

“మా కోడి చోళ్ళు తింటుంది, అందుకే గుడ్డు ఎర్రగా ఉంటుంది” అనే మాట మన వైపు వింటూనే ఉంటాం. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి. మేతను బట్టి మారేది పచ్చసొన రంగు. పచ్చగడ్డి, ఆకుకూరలు, పసుపు మొక్కజొన్న తిన్న కోడి గుడ్డులో సొన ముదురు పసుపుగా ఉంటుంది. తవుడు, నూకలు మాత్రమే తింటే సొన పాలిపోతుంది. తెల్లగుడ్డు పెట్టే లెగ్‌హార్న్‌ను పెరట్లో వదిలి పచ్చిమేత తిననిస్తే సొన ముదురుతుంది. పెంకు మాత్రం తెల్లగానే ఉంటుంది.

మరి బలం సంగతి? బాలింతకు, చిన్నపిల్లలకు ఎర్రగుడ్డే పెట్టాలని పెద్దవాళ్ళు చెబుతారు. 50 గ్రాముల గుడ్డు ఏదైనా అందులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెంకు రంగును బట్టి ఇది మారదు. ఇంటి నాటుగుడ్డు 35 నుంచి 45 గ్రాములే తూగుతుంది కాబట్టి గుడ్డుకు గుడ్డు లెక్క చూస్తే పెద్ద తెల్లగుడ్డులోనే మాంసకృత్తులు కాస్త ఎక్కువ. అంగన్‌వాడీలో ఇచ్చే తెల్లగుడ్డును “బలం లేని గుడ్డు” అని బిడ్డకు పెట్టకుండా పక్కన పెట్టే తల్లులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ఆ గుడ్డు పెట్టండి. బిడ్డకు మంచిది.

అలాగని తిరిగి తినే కోడి గుడ్డుకు ప్రత్యేకత లేదని కాదు. పచ్చిమేత, పురుగులు తిన్న కోడి గుడ్డులో కొన్ని విటమిన్లు, మంచి కొవ్వులు పెరగవచ్చు. కానీ ఆ మేలు మేత వల్ల, తిరుగుడు వల్ల వచ్చింది. పెంకు రంగు వల్ల రాలేదు. ఈ తేడా దగ్గరే చిన్న రైతు లాభనష్టాలు ఉన్నాయి.

తెల్లగుడ్డు చవక ఎందుకు?

తెల్లగుడ్డు నాసిరకం కాబట్టి చవక అనుకుంటే పొరపాటే. లెగ్‌హార్న్ సంతతి కోడి చిన్న శరీరంది. రోజుకు 110 గ్రాముల మేతకు అటూఇటూగా తిని ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. ఎర్రగుడ్డు పెట్టే కోళ్ళు సాధారణంగా ఒళ్ళు బరువైనవి. వాటికి మేత ఎక్కువ కావాలి. లెక్క అంతే. తెలుగువారైన డాక్టర్ బి.వి. రావు చొరవతో 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడ్డాక గుడ్డు ధరను రైతులే ప్రకటించుకునే పద్ధతి వచ్చింది. విశాఖ ధర ఇంత అని రోజూ పేపర్లో చూస్తున్నది ఆ కమిటీ ప్రకటించేదే. అది ఫారం గుడ్డు ధర. పెరటి గుడ్డుకు అలాంటి కమిటీ లేదు, ప్రకటన లేదు. గంప పట్టుకున్న మనిషి, కొనే మనిషి, మధ్యలో పెంకు రంగు. అంతే.

ప్రపంచంలో చూసినా రంగు మోజు ఊరికో తీరుగా ఉంటుంది. బ్రిటన్‌లో దుకాణాల నిండా గోధుమ రంగు గుడ్లే. అక్కడ అవన్నీ పెరటి గుడ్లు కావు. పెద్ద ఫారాల్లో వేలకు వేలు పెంచిన కోళ్ళవే. జనం ఎర్రగుడ్డు అడిగారు కాబట్టి ఫారాలవాళ్ళు ఎర్రగుడ్డు పెట్టే కోళ్ళను తెచ్చుకున్నారు.

అదే మన దగ్గరా మొదలైంది. ఎర్రగుడ్డు పెట్టే సంకర జాతులను పంజరాల్లో పెంచి, ఆ గుడ్లను ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది, పైన పల్లెటూరి బొమ్మ వేసి అమ్ముతున్నారు. కొన్నిచోట్ల హేచరీల్లో పొదగడానికి పనికిరాని బ్రాయిలర్ తల్లికోళ్ళ గుడ్లు లేత గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి “నాటు” పేరుతో బజారుకు చేరుతున్నాయి. ఇంకా దిగజారినవాళ్ళు చిన్న తెల్లగుడ్లను టీ డికాషన్‌లో, రంగునీళ్ళలో ముంచి నాటుగుడ్లని అమ్ముతున్నట్టు దేశంలో పలుచోట్ల వార్తలు వచ్చాయి.

ఇప్పుడు లెక్క చూసుకోండి. నాటు పెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడుతుందనుకుంటే పది పెట్టలున్న ఇంట్లో ఏడాదికి 600 గుడ్లు. పొదగేయడానికి తీసినవి పోగా అమ్మకానికి మిగిలేవి ఇంకా తక్కువ. పదివేల కోళ్ళున్న ఒక్క షెడ్డులో ఒక్క రోజుకే ఎనిమిది, తొమ్మిది వేల గుడ్లు. రంగే సరుకైతే ఆ పోటీలో పెరటి రైతు ఎలా నిలుస్తాడు? ఎర్రగుడ్డు బజారులో దండిగా దొరికిన రోజున దాని ధర పడిపోతుంది. ఆ దెబ్బ మొదట తగిలేది సంతలో గంప పెట్టుకుని కూర్చున్న మనిషికే.

“నాలుగు డబ్బులొస్తుంటే మీకేంటి?”

ఇలా అడిగేవాళ్ళు ఉంటారు. సబబైన ప్రశ్నే. జనం ఎర్రగుడ్డుకు ఎక్కువ ఇస్తామంటే పేదరైతు ఎందుకు వద్దనాలి? వద్దనక్కర లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు కూడా ఈ మోజును గమనించే పెరటి పెంపకానికి గోధుమ రంగు గుడ్లు పెట్టే రకాలను రూపొందించారు. వనరాజా పెరట్లో ఏడాదికి సుమారు 100 నుంచి 110 గుడ్లు, గ్రామప్రియ 160 నుంచి 180 గుడ్లు పెడతాయి. రంగు రంగుల ఈకలు, ఎర్రగుడ్డు, నాటుకోడి కంటే ఎక్కువ దిగుబడి. చిన్న రైతుకు ఇవి మంచి ఆసరా. పెంచండి.

అయితే రెండు విషయాలు మరవొద్దు. ఒకటి, ఈ కోళ్ళు నాటుపెట్టలా బాగా పొదగవు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద వేసి పిల్లల్ని తీసినా అవి తల్లి అంతటివి కావు. గుడ్ల సంఖ్య పడిపోతుంది. ప్రతిసారీ కొత్త పిల్లల్ని తెచ్చుకోవాల్సిందే. రెండు, పిల్లల్ని తీసుకోవడానికి గుడ్లు కొనే తోటి రైతుకు ఈ గుడ్లను “నాటువే” అని అమ్మకండి. ఎర్రగా ఉన్నాయి కదా అని తీసుకెళ్ళి పొదగేసిన వాడు ఆరు నెలల తర్వాత మోసపోయానని తెలుసుకుంటాడు. వాడు కూడా మనలాంటి రైతే.

నా అభిప్రాయం ఒక్కటే. రంగు చూసి ధర ఇస్తే తీసుకోండి. కానీ రంగు గురించి మీరు గొప్పలు చెప్పకండి. మీరు చెప్పాల్సింది కోడి ఎలా పెరిగిందో, గుడ్డు ఏ రోజు పెట్టిందో. ఆ రెండూ పదివేల కోళ్ళ షెడ్డువాడు చెప్పలేడు. టీ నీళ్ళలో ముంచేవాడు అసలే చెప్పలేడు.

రైతులు చేయదగినవి

గంపలో రంగు కలిసి ఉండటాన్ని లోపంగా చూడకండి. ఇంటి కోళ్ళ గుడ్లు ఒకటి లేత, ఒకటి ముదురు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది ఉంటాయి. వంద గుడ్లూ ఒకే అచ్చు, ఒకే రంగు ఉంటేనే అనుమానించాలి. ఈ మాట కొనేవాళ్ళకు ఓపికగా చెప్పండి. పాలిపోయిన గుడ్డును తక్కువ ధరకు ఇచ్చేశారంటే అది నాటుది కాదని మీరే ఒప్పుకున్నట్టు.

గుడ్లు నీళ్ళతో కడగకండి. పెంకుపై సహజమైన సన్నని పొర ఉంటుంది. సూక్ష్మక్రిములు లోపలికి పోకుండా అది కాపాడుతుంది. మట్టి అంటితే పొడి గుడ్డతో తుడవండి. నీడలో, చల్లని చోట ఉంచండి. పెట్టిన తేదీ పెన్సిల్‌తో పెంకుపై రాయండి. పైసా ఖర్చు లేని పని, నమ్మకం మాత్రం పెరుగుతుంది. కొనేవాళ్ళ ముందే గుడ్డును నీళ్ళలో వేసి చూపించండి. తాజా గుడ్డు మునిగి అడుగున పడుకుంటుంది. పాతబడినది పైకి తేలుతుంది.

పెంకు గట్టిదనం రంగును బట్టి రాదు, సున్నపు మేతను బట్టి వస్తుంది. ఆల్చిప్పల పొడిగానీ, వేయించి మెత్తగా నలిపిన గుడ్డు పెంకులుగానీ మేతతో పాటు అందుబాటులో ఉంచండి.

రంగు వల్ల రైతుకు ఉపయోగపడే సంగతి ఒకటుంది. అది కోడి ఆరోగ్యం గురించి చెబుతుంది. ఒక పెట్ట గుడ్డు రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. వయసు ముదిరి గుడ్డు పెద్దదయ్యే కొద్దీ కాస్త లేతబడటం మామూలే. కుక్క తరిమినా, బెదిరినా ఒకటి రెండు గుడ్లు పాలిపోవచ్చు. కానీ ఎర్రగుడ్లు పెట్టే కోళ్ళన్నీ ఒక్కసారిగా పాలిపోయిన, పలచని, వంకర పెంకుల గుడ్లు పెడుతుంటే రోగం వచ్చిందేమో చూసుకోవాలి. కొక్కెర తెగులులోనూ, శ్వాసకోశానికి వచ్చే బ్రాంకైటిస్ లాంటి జబ్బుల్లోనూ ఇలా జరుగుతుంది. వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించండి. కొక్కెర తెగులుకు పిల్లల వయసు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా చుక్కలు, సుమారు 8 వారాలకు ఆర్-2-బి టీకా వేయించడం మరవొద్దు. తెగులు వచ్చాక గూడు ఖాళీ అవుతుందే తప్ప మందుతో నయం కాదు.

ప్రభుత్వం చేయదగినవి

ఐరోపా దేశాల్లో 2004 నుంచి ప్రతి గుడ్డుపై ఒక అంకె ముద్ర ఉంటుంది. 0 అంటే సేంద్రియ పద్ధతి, 1 అంటే బయట తిరిగిన కోడి, 2 అంటే షెడ్డులో నేలపై పెరిగినది, 3 అంటే పంజరంలో పెరిగినది. పెంకు ఎరుపా తెలుపా అన్నది ఆ ముద్రకు అక్కరలేదు. కొనేవాడు అంకె చూసి ధర ఇస్తాడు. మన దగ్గర ప్రతి గుడ్డుకూ ముద్ర వేయడం ఇప్పుడే కుదరకపోవచ్చు. కానీ మహిళా పొదుపు సంఘాల ద్వారా పెరటి గుడ్లు సేకరించి, సంఘం పేరు, తేదీ వేసిన అట్టల్లో పెట్టి, అనకాపల్లి, విశాఖ రైతుబజార్లలో అమ్మించడం అసాధ్యమేమీ కాదు. చోడవరం 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. కానీ మన గుడ్లు కొనే పెద్ద బజారు ఇప్పటికీ విశాఖే. అక్కడి ఇల్లాలికి మన పెరటి గుడ్డు నేరుగా చేరితే మధ్యలో రంగు వేసేవాడికి చోటుండదు.

పశుసంవర్ధక శాఖవారు పెరటి కోళ్ళకు టీకాలు ఊరి దగ్గరకే, వేళకు అందేలా చూడాలి. టీకా మందు సీసా పెద్ద ఫారం లెక్కకు వస్తుంది. పది కోళ్ళున్న మనిషి ఆ సీసా కొనలేదు. ఊరందరి కోళ్ళకూ ఒకే రోజు వేస్తేనే ఆ మందు దండగ కాదు. రంగు వేసి “నాటు” అని అమ్మేవాళ్ళపై ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద అధికారులు తనిఖీలు జరపాలి. అనుమానం వస్తే ఆహార భద్రతా అధికారికి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అలా ఫిర్యాదు చేయాల్సిన అవసరం కొనేవాళ్ళ కంటే మనకే ఎక్కువ. ఎందుకంటే వాళ్ళు దొంగిలిస్తున్నది మన పేరు.

రైతు సోదరీ సోదరులారా, పెంకు రంగు ఎవరైనా తేగలరు. జాతి మార్చి తేగలరు, డబ్బు పెట్టి తేగలరు, దొంగతనంగా పూసి కూడా తేగలరు. కల్లంలో, గట్టు మీద తిరిగి నాలుగు గింజలు ఏరుకున్న కోడి, నిన్న పెట్టిన గుడ్డు, “ఇది మా ఇంటిది” అని ముఖం చూసి చెప్పగలిగే మాట, ఈ మూడూ మీ దగ్గరే ఉన్నాయి. ఈసారి సంతలో ఎవరైనా “రంగు లేదేటి?” అని అడిగితే ధర తగ్గించకండి. ఈ మూడింటి గురించి చెప్పండి.